"వెళ్ళొస్తా" అని చెప్పి వెళ్ళండి
తొలిసారి బడికి వెళ్ళే పిల్లలు, తిరిగి పనిలో చేరే తల్లులు

జూన్ నెలలో బడులు తెరిచిన రెండు మూడు వారాలకు మా పిల్లల ఓ.పి. నిండిపోతుంది. జలుబు, దగ్గు, జ్వరం, విరేచనాలు, కళ్ళకలక... వీటితో పాటు ఏటా ఒక చిత్రమైన కడుపునొప్పి కూడా వస్తుంది. అది ఉదయం ఏడున్నరకు మొదలవుతుంది. బడి టైము దాటిపోతే పదింటికల్లా తగ్గిపోతుంది. ఆదివారం అసలు కనిపించదు!

అలాంటి నొప్పితో ఒక మూడున్నరేళ్ళ బాబును వాళ్ళ అమ్మ, నాయనమ్మ తీసుకొచ్చారు. ఆ తల్లి పెళ్ళికి ముందు నుంచీ ఒక బట్టల దుకాణంలో సేల్స్ పని చేసేది. కాన్పు కోసం మానేసి, ఇన్నాళ్ళకు మళ్ళీ చేరింది. ఆమె పనిలో చేరిన వారమే బాబును నర్సరీలో వేశారు. పొట్ట నొక్కి చూశాం, మూత్ర పరీక్ష చేయించాం, బరువు చూశాం. అన్నీ సరిగానే ఉన్నాయి.

"బడి దగ్గర బాబును ఎలా వదులుతున్నారమ్మా?" అని అడిగాం.

ఆమె తల దించుకుంది. "వాడు బొమ్మలు చూస్తుండగా వెనక నుంచి వచ్చేస్తానండీ. చెబితే ఏడుస్తాడు. వాడు ఏడిస్తే నాకు అడుగు పడదు. తొమ్మిదిన్నరకు షాపులో లేకపోతే సగం రోజు జీతం పోతుంది" అంది.

"చూడకుండా వచ్చెయ్యమని నేనే చెప్పానండీ. మా పిల్లలప్పుడు మేమూ అంతే చేశాం" అంది నాయనమ్మ.

ఇద్దరి మాటల్లోనూ ఉన్నది ప్రేమే. కానీ బాబు కడుపునొప్పికి కారణం కూడా అక్కడే ఉంది. బాబు అబద్ధం చెప్పడం లేదు. భయం వేసినప్పుడు పేగుల కదలిక మారుతుంది, కడుపులో నిజంగానే నొప్పి పుడుతుంది. పరీక్ష రోజు పెద్ద పిల్లలకు కడుపులో తిప్పినట్లు ఉండదూ? ఇదీ అలాంటిదే.

పిల్లలు ఎందుకు ఏడుస్తారు?

ఎనిమిది, తొమ్మిది నెలల వయసు నుంచి బిడ్డ తనవాళ్ళెవరో, పైవాళ్ళెవరో గుర్తుపడుతుంది. అమ్మ కనిపించకపోతే ఏడుస్తుంది. ఏడాది, ఏడాదిన్నర వయసులో ఈ బెంగ ఎక్కువగా ఉంటుంది. రెండు మూడేళ్ళు వచ్చేసరికి క్రమంగా తగ్గుతుంది. అయితే కొత్త చోటు, కొత్త మనుషులు ఎదురైతే తగ్గిన బెంగ మళ్ళీ తిరగబెడుతుంది. ఇది జబ్బు కాదు. పెంకితనమూ కాదు. బిడ్డ మీతో గట్టిగా ముడిపడి ఉందనడానికి గుర్తు.

ఇంకొక సంగతి. మూడేళ్ళ పిల్లలకు గడియారం తెలియదు. "మూడింటికి వస్తాను" అంటే వాళ్ళకు అర్థం కాదు. అమ్మ కళ్ళ ముందు లేదంటే ఎప్పుడొస్తుందో తెలియదు. అసలు వస్తుందో రాదో కూడా తెలియదు. వాళ్ళ భయమంతా ఇదే.

చూడకుండా వెళ్ళిపోతే...

చెప్పకుండా వెళ్ళిపోతే ఆ నిమిషానికి ఏడుపు వినిపించదు, నిజమే. కానీ కాసేపటికి బిడ్డ తల ఎత్తి చూస్తుంది. అమ్మ లేదు! ఆ రోజు నేర్చుకునే పాఠం ఒక్కటే: "నేను ఆటలో పడితే అమ్మ మాయమైపోతుంది." మర్నాటి నుంచి ఆట మానేసి అమ్మ కొంగు పట్టుకుని కూర్చుంటుంది. ఇంట్లో కూడా అమ్మ స్నానానికి వెళ్ళినా తలుపు కొడుతుంది. రాత్రి ఉలిక్కిపడి లేస్తుంది. తెల్లవారితే కడుపునొప్పి.

పెద్ద ఆసుపత్రులు కూడా ఈ విషయం ఆలస్యంగానే తెలుసుకున్నాయి. ఒకప్పుడు ఇంగ్లండులో పిల్లల వార్డులోకి తల్లిదండ్రులను చాలా తక్కువగా రానిచ్చేవారు. అమ్మానాన్న వచ్చి వెళితే పిల్లలు ఏడుస్తారని, రాకపోతే నెమ్మదిగా ఉంటారని నమ్మేవారు. లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే పరిశోధకుడు, చిన్న ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న ఒక రెండేళ్ళ పాపను సినిమా తీశాడు. 1952లో అది వైద్యులకు చూపించాడు. పాప పెద్దగా గోల చేయలేదు. కానీ ఆ మౌనం వెనుక ఎంత దుఃఖం ఉందో ఆ సినిమా చూసినవారికి తెలిసింది. పాప సర్దుకుపోలేదు, దిగులుతో మూగబోయింది. 1959లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ, తల్లిదండ్రులు ఏ వేళనైనా పిల్లలను చూడటానికి అనుమతించాలని సిఫారసు చేసింది. ఈనాడు పిల్లల వార్డులో మంచం పక్కన అమ్మ ఉండడం మామూలు విషయమైపోయింది.

బడి ఆసుపత్రి కాదు. నాలుగైదు గంటల్లో అమ్మ వచ్చేస్తుంది. కాబట్టి ఎవరూ భయపడనక్కరలేదు. అయితే ఆ సినిమా చెప్పిన పాఠం ఇక్కడా పనికొస్తుంది. ఏడవని పిల్లలందరూ సుఖంగా ఉన్నట్లు కాదు. ఏడ్చి, టీచరు ఎత్తుకుంటే ఊరడిల్లి, తరువాత ఆటలో పడే పిల్లల గురించి దిగులు అవసరం లేదు.

గేటు దగ్గర ఏం చేయాలి?

మన ఇళ్ళల్లో గడప దాటేవారు "వెళ్తాను" అంటే పెద్దవాళ్ళు ఒప్పుకోరు. "వెళ్ళొస్తాను అనాలి" అని దిద్దుతారు. ఆ మాటలో వెళ్ళడం ఎంత ఉందో తిరిగి రావడం కూడా అంతే ఉంది. పసివాళ్ళు వినవలసింది ఆ రెండో సగమే.

• చెప్పండి. బిడ్డ కళ్ళలోకి చూసి, "నాన్నా, అమ్మ పనికి వెళ్ళొస్తుంది" అనండి. ముద్దు పెట్టండి. కదలండి. అంతా ఒక నిమిషంలో అయిపోవాలి. పది అడుగులు వేసి వెనక్కి వచ్చి మళ్ళీ ఎత్తుకుంటే, ఇంకాస్త ఏడిస్తే అమ్మ ఆగిపోతుందని బిడ్డ అనుకుంటుంది.

• బిడ్డకు తెలిసిన లెక్కలో టైము చెప్పండి. "నువ్వు పెరుగన్నం తిని, బజ్జుని లేచేసరికి నాయనమ్మ వస్తుంది" అంటే మూడేళ్ళ బిడ్డకు అర్థమవుతుంది.

• ఎవరు వస్తారని చెప్పారో వాళ్ళే రావాలి, చెప్పిన వేళకే రావాలి. మొదటి నెలలో ఆలస్యం చేయకండి. ఒకవేళ మనిషి మారితే టీచరుకు ఫోను చేసి, బిడ్డకు చెప్పించండి.

• "ఇక్కడే బయట కూర్చుంటాను" అని చెప్పి వెళ్ళిపోకండి. "చాక్లెట్ తెచ్చి ఇప్పుడే వస్తా" అని కూడా వద్దు. ఒకసారి అబద్ధమని తెలిస్తే మీరు చెప్పే నిజాన్ని కూడా నమ్మరు.

• మీ చేతిరుమాలో, ఇంట్లోని చిన్న బొమ్మో బ్యాగులో పెట్టండి. దిగులు వేసినప్పుడు పట్టుకోవడానికి ఉంటుంది.

• "అల్లరి చేస్తే టీచరుకు చెప్తా", "అన్నం తినకపోతే డాక్టరుతో సూది వేయిస్తా" అని బెదిరించకండి. రేపు వాళ్ళను వదిలి వెళ్ళేది ఆ టీచరు దగ్గరే, తీసుకొచ్చేది మా దగ్గరికే కదా!

రెండు వారాలు ముందే మొదలుపెట్టండి

అమ్మ పనిలో చేరడం, బిడ్డ బడిలో చేరడం ఒకే రోజు జరగకుండా చూసుకోండి. వీలైతే బిడ్డను రెండు వారాలు ముందుగా బడికి పంపండి. మొదటి రెండు రోజులు గంటసేపు, తరువాత రెండు గంటలు, ఆపైన పూర్తి సమయం. అప్పుడు మీ చేతిలో టైము ఉంటుంది, గేటు దగ్గర తొందర ఉండదు. సెలవు దొరకని తల్లులు ఈ పనిని నాన్నకో, అమ్మమ్మకో, మేనత్తకో అప్పగించవచ్చు.

విడిచి ఉండడం ఇంటి దగ్గరే అలవాటు చేయవచ్చు. పక్కింటి పిన్నిగారి దగ్గర అరగంట వదిలి "వెళ్ళొస్తా" అని చెప్పి వెళ్ళండి, చెప్పిన వేళకు రండి. ఆదివారం సండే స్కూలు కూడా మంచి అవకాశమే. మొదటి వారం వెనక వరుసలో కూర్చోండి. రెండో వారం గుమ్మం దగ్గర ఉండండి. మూడో వారం చెప్పి, మీరు ఆరాధనకు వెళ్ళండి.

నిద్ర కూడా సరిచూసుకోండి. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండు వరకు టీవీ ముందు, ఫోను ముందు ఉన్న బిడ్డను ఉదయం ఆరున్నరకు లేపితే ఏ బడికైనా ఏడుస్తూనే వెళుతుంది.

"ఒంటికి వస్తోంది", "రెంటికి వస్తోంది" అని చెప్పడం నేర్పండి. చెడ్డీని సొంతంగా దించుకునేలా ఎలాస్టిక్ ఉన్నది వేయండి. చాలామంది పిల్లలు కొత్త మరుగుదొడ్డి చూసి భయపడి సాయంత్రం దాకా బిగబట్టుకుంటారు. దానివల్ల మలబద్ధకం, మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ వస్తాయి. బడిలో చేర్చిన రోజే బిడ్డను తీసుకెళ్ళి మరుగుదొడ్డి చూపించండి.

బాక్సులో ఇడ్లీ, పప్పన్నం, పెరుగన్నం, ఉడికించిన గుడ్డు ముక్కలు, అరటిపండు పెట్టవచ్చు. వేరుశనగ గుళ్ళు, వేయించిన శనగలు, గట్టి బఠానీలు మాత్రం ఐదేళ్ళలోపు పిల్లలకు పెట్టకండి. గొంతులోకి కాక ఊపిరితిత్తుల దారిలోకి పోతే ప్రాణానికే ప్రమాదం. ద్రాక్షపండ్లను నిలువుగా నాలుగు ముక్కలుగా కోసి పెట్టండి.

బడికి వెళితే జబ్బులు ఎందుకు వస్తాయి?

"ఇంట్లో ఉన్నన్నాళ్ళు బాగానే ఉన్నాడు, బడిలో వేసినప్పటి నుంచి ఎప్పుడూ ముక్కు కారుతూనే ఉంది" అని తల్లులు అంటూ ఉంటారు. చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. కొత్తగా పదిమందిలో కలిసిన ఏడాది ఇంకాస్త ఎక్కువ ఉండవచ్చు. కొత్త వైరస్‌లను ఎదుర్కోవడం ఒంటికి అలవాటయ్యే కొద్దీ ఇది తగ్గుతుంది. ప్రతి జలుబుకూ యాంటీబయాటిక్ అవసరం లేదు. కిందటిసారి మిగిలిన సిరప్ సొంతంగా పోయవద్దు.

బడిలో చేర్చే ముందు టీకాల కార్డు తీసి చూడండి. 16 నుంచి 24 నెలల మధ్య వేయించవలసిన డి.పి.టి., పోలియో బూస్టర్లు, తట్టు–రుబెల్లా రెండో డోసు పడ్డాయా? 5–6 ఏళ్ళకు డి.పి.టి. రెండో బూస్టర్ ఉంటుంది. ఏదైనా తప్పిపోతే, ఆలస్యమైందని మానేయకుండా కార్డుతో సహా తీసుకురండి. చికెన్‌పాక్స్, ఫ్లూ వంటి మరికొన్ని టీకాల గురించి మీ వైద్యుణ్ణి అడగండి. తినే ముందు, దొడ్డికి వెళ్ళొచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవడం అలవాటు చేయండి.

బడికి పంపకూడనిది ఎప్పుడు?

• జ్వరం ఉంటే. మందు వేయకుండానే 24 గంటలు జ్వరం రాకపోతే అప్పుడు పంపండి.
• వాంతులు, నీళ్ళ విరేచనాలు ఉంటే. ఒక ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ మొత్తాన్ని కాచి చల్లార్చిన లీటరు నీటిలో కలిపి కొద్దికొద్దిగా తాగించండి.
• ఆటలమ్మ (చికెన్‌పాక్స్) వస్తే. పొక్కులన్నీ ఎండి పక్కు కట్టే దాకా ఇంట్లోనే ఉంచాలి.
• కంట్లో పుసులు కడుతుంటే.

జ్వరం లేకుండా ముక్కు కారడం మాత్రమే ఉండి, బిడ్డ హుషారుగా ఉంటే పంపవచ్చు.

వెంటనే ఆసుపత్రికి తీసుకురావలసిన లక్షణాలు: ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషానికి 40 లేక అంతకంటే ఎక్కువసార్లు ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం, ఏమీ తాగలేకపోవడం, ఫిట్స్, లేపినా లేవనంత మగత.

కడుపునొప్పి విషయంలో కూడా జాగ్రత్త. నిద్రలో నుంచి లేపే నొప్పి, బొడ్డుకు దూరంగా ఒకే చోట ఉండే నొప్పి, పచ్చని వాంతులు, మలంలో రక్తం, బరువు తగ్గడం – ఇవి ఉంటే బడి బెంగ అని వదిలేయకండి.

బిడ్డకు జ్వరం వస్తే ఎవరు ఇంట్లో ఉంటారన్నది పనిలో చేరే ముందే మాట్లాడుకోండి. మొదటిసారి అమ్మ, రెండోసారి నాన్న అని వంతు వేసుకోండి. ఈ మాట ముందు అనుకోకపోతే జ్వరం ఉన్న బిడ్డకు పారాసిటమాల్ పోసి బడికి పంపే పరిస్థితి వస్తుంది. మధ్యాహ్నానికి మందు పని అయిపోతుంది, బిడ్డ బడిలోనే మూలుగుతూ పడుకుంటుంది.

ఏ బడి మంచిది?

పెద్ద భవనం, టై, బెల్టు చూసి తీర్మానించకండి. గేటుకు గడియ ఉందా? తాగే నీరు, మరుగుదొడ్డి శుభ్రంగా ఉన్నాయా? ఏడ్చే బిడ్డను టీచరు ఎత్తుకుంటుందా, గదమాయిస్తుందా? తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చా? ఒక పూట అక్కడ నిలబడి చూస్తే తెలిసిపోతుంది.

ఇంటి దగ్గర అంగన్‌వాడీ కేంద్రం ఉంటే దాన్ని తక్కువగా చూడవద్దు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద ఏర్పడిన ఈ కేంద్రాల్లో 3 నుంచి 6 ఏళ్ళ పిల్లలకు ఆటపాటల చదువు, వేడి భోజనం, బరువు చూడడం, టీకాలకు సాయం అన్నీ ఉంటాయి.

మూడేళ్ళకే పలక నిండా ఏ, బి, సి, డి రాయాలని తొందరపడకండి. వేళ్ళ కండరాలు ఇంకా గట్టిపడని వయసది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఈ వయసు పిల్లలకు ఆటల ద్వారానే చదువు ఉండాలని, ఆరేళ్ళకు ఒకటో తరగతి అని చెబుతోంది.

తల్లి మనసుకు ఒక మాట

"పసివాణ్ణి వదిలి డబ్బుకోసం వెళుతున్నావా?" అని ఎవరో ఒకరు అంటారు. ఎవరూ అనకపోయినా ఆ మాట మీ మనసులోనే తిరుగుతూ ఉంటుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి. ఈనాడు ఊరూరా బోర్డుల మీద కనిపించే మాంటిస్సోరి పేరు ఎక్కడ మొదలైంది? 1907 జనవరి 6న రోమ్ నగరంలోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో డాక్టర్ మరియా మాంటిస్సోరి తన తొలి బాలల ఇల్లు తెరిచారు. అమ్మానాన్నలు పనికి వెళితే మెట్ల మీద, వీధిలో తిరిగే పిల్లల కోసమే అది పెట్టారు. 1939లో ఆమె మద్రాసు వచ్చి మన దేశపు టీచర్లకు కూడా శిక్షణ ఇచ్చారు. పనికి వెళ్ళే తల్లి బిడ్డ బాగా పెరగదన్న మాటకు ఆధారం లేదు. బిడ్డకు కావలసింది నమ్మదగిన మనుషులు, తప్పని మాట.

సాయంత్రం ఇంటికి రాగానే వంటింట్లోకి పరుగెత్తకండి. పదిహేను నిమిషాలు ఫోను పక్కన పెట్టి బిడ్డతో కూర్చోండి. "ఏం నేర్పారు?" అని పరీక్ష పెట్టకండి. "ఎవరితో ఆడావు? ఎవరు ఏడ్చారు?" అని అడగండి. బడిలో రోజంతా బుద్ధిగా ఉండి అమ్మను చూడగానే చిన్న విషయానికి పేచీ పెట్టే పిల్లలు ఉంటారు. అది మొండితనం కాదు. పొద్దుటి నుంచి ఆపుకున్నది మీ దగ్గరే బయటపెడతారు.

నాన్నలకు కూడా ఒక మాట. వారంలో రెండు రోజులైనా బిడ్డను మీరు దింపండి. అమ్మ దగ్గర గంట ఏడ్చే బిడ్డ నాన్న దగ్గర ఐదు నిమిషాల్లో ఆపడం మేము చాలాసార్లు చూశాం.

ఎప్పుడు మా దగ్గరికి రావాలి?

చాలామంది పిల్లలు రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటారు. నెలన్నర దాటినా బడిలో ఏమీ తినకపోతున్నా, రోజంతా ఏడుస్తున్నా, ఉన్న మాటలు తగ్గిపోయినా, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలై ఆగకపోయినా తీసుకురండి. ఒక మనిషి పేరు చెబితేనే వణకడం, ఒంటి మీద దెబ్బలు, మర్మాంగాల దగ్గర నొప్పి – ఇవి కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. బిడ్డను గద్దించి అడగకండి. చెప్పింది నమ్మి, వెంటనే తీసుకురండి.

మళ్ళీ ఆ బాబు సంగతి. మేము మందు రాయలేదు. ఆ తల్లి రోజూ పది నిమిషాలు ముందు బయలుదేరి, చెప్పి వెళ్ళడం మొదలుపెట్టింది. మొదటి మూడు రోజులు గేటు దాకా వినిపించేలా ఏడ్చాడట. నాలుగో రోజు పని మానేద్దామనుకుంది. నాయనమ్మే, "ఈ వారం చూడమ్మాయ్, నేను కూడా వస్తాను" అని తోడు వెళ్ళింది. ఆగస్టులో దగ్గు కోసం ముగ్గురూ మళ్ళీ ఓ.పి.కి వచ్చారు. కడుపునొప్పి ఎలా ఉందని అడిగాం.

"లేదండీ. సోమవారాలు ఇప్పటికీ ఏడుస్తాడు" అని నవ్వింది. "కానీ కొంగు వదిలేస్తాడు. 'వెళ్ళిరా అమ్మా' అంటాడు."